గడియారం కింది చోటు

నేను వేసిన బొమ్మలతో ఒక్కదాన్నే పెట్టిన ప్రదర్శనలు పదకొండు. హైదరాబాదులో నాలుగు, బెంగళూరులో మూడు, ముంబైలో రెండు, ఢిల్లీలో ఒకటి. పదకొండోది మా ఊళ్ళో, వరంగల్‌లో. మొదటి పదింటికీ ముప్ఫై ఏళ్ళు పట్టింది. పదకొండోది పది రోజుల్లో అయిపోయింది. రాయవలసింది మాత్రం దాని గురించే ఉంది.

మాది బట్టల వ్యాపారం. చౌరస్తా నుంచి కొంచెం లోపలికి, మూడు మడిగెలు కలిపి ఒకటి చేసిన దుకాణం మా తాతది. బజారులో దాన్ని పెద్ద దుకాణం అనేవారు. నెక్కొండలో రైలెక్కి, ములుగులో బస్సెక్కి జనం పెండ్లి బట్టలకు వచ్చేవారు. చెప్పులు విప్పి గద్దె మీద కూర్చునేవారు. గద్దె అంటే దుకాణం పొడుగునా పరిచిన పరుపు, దాని మీద రోజూ మార్చే తెల్ల దుప్పటి. తాత కూర్చున్న చోటు నుంచి లేవకుండానే వెనక అరలోంచి థాను లాగి మణికట్టు ఒక్కసారి విదిలిస్తే, గుడ్డ గాలిలో తెరుచుకుని వచ్చినవాళ్ళ మోకాళ్ళ ముందు వాలేది. గీత గీయడం నేను ఆ మణికట్టు దగ్గర నేర్చుకున్నానని అన్ని ఊళ్ళలో చెప్పాను. పత్రికల్లో కూడా వచ్చింది. థాన్లకు చుట్టి వచ్చే మట్టిరంగు కాగితం మీద బడి నుంచి రాగానే బొమ్మలు వేసేదాన్ని. కాగితానికి ఎప్పుడూ లోటు ఉండేది కాదు.

ఆ దుకాణం మా నాన్న కాలంలో పోయింది. ఎందుకు పోయిందో ఇక్కడ రాయను. మా ఇంట్లో దాని గురించి మాట్లాడుకునే అలవాటు లేదు. ఒక్క సంగతి రాస్తాను. దుకాణం చేతులు మారే రోజు పొద్దున్నే, కొన్నవాళ్ళ మనుషులు రాకముందు, నాన్న నిచ్చెన వేయించుకుని పేరు బోర్డు తనే విప్పాడు. మేకులు ఒక్కొక్కటీ పీకి జేబులో వేసుకున్నాడు. ఇంటికి వచ్చి, స్నానం చేసి, అన్నానికి కూర్చున్నాడు. నాకప్పుడు పదహారేళ్ళు.

"ఇగ నుంచి పిలువని గడప తొక్కకు బిడ్డా," అన్నాడు. "పిలిచినా గూడ ఒక్కసారి ఆలోచించు."

నేను ఒక్కర్తినే సంతానం. బోర్డు, మేకులు, ఆ మాట నాకే వచ్చాయి. ఇల్లు కూడా వచ్చేదే, అది అంతకు ముందే పోయింది. హన్మకొండలో అద్దె ఇంట్లో ఉండి, బడిలో డ్రాయింగ్ టీచరు ఉద్యోగం చేసుకుంటూ బొమ్మలు వేశాను. పెళ్ళి చేసుకోలేదు. వచ్చిన సంబంధాలు మొదట నాన్నకు నచ్చలేదు, తర్వాత నాకు నచ్చలేదు, ఆ తర్వాత రాలేదు. నలభై ఏళ్ళలో బజారు వీధిలో నేను నడవలేదు. బొమ్మల కోసం సాగదీసి సుద్ద పూసే ముతక గాడా గుడ్డ కూడా హైదరాబాదు నుంచి తెప్పించుకునేదాన్ని. చేతికి అందే దూరంలో వంద బట్టల దుకాణాలు పెట్టుకుని!

ఒక్కరి ప్రదర్శన అనేది నాకు నప్పిన పని. గ్యాలరీ వాళ్ళు పిలుస్తారు. చూసేవాళ్ళను కూడా వాళ్ళే పిలుస్తారు. నేను ఎవరినీ రమ్మని అడగనక్కర లేదు. పట్టుచీర కట్టుకుని గోడ పక్కన నిటారుగా నిలబడితే సరిపోతుంది. బొమ్మ అమ్ముడుపోతే దాని పక్కన గోడకు చిన్న ఎర్ర చుక్క అంటిస్తారు. మొదటిసారి హైదరాబాదులో ఒకటే చుక్క పడింది. ఢిల్లీ నాటికి సగం గోడ చుక్కలే. అన్నీ మా దుకాణం బొమ్మలే: గద్దె, అరలు, దుప్పటి మడతలు, నిలువుటద్దం, గోడ గడియారం. ఇంకేదీ వేయాలని నాకు అనిపించలేదు.

ఆ మధ్య వరంగల్‌లో పాత బియ్యం గోదాం ఒకదాన్ని బాగుచేయించి గ్యాలరీ పెట్టారు. నడిపే ఆవిడ నలభై ఏళ్ళ మనిషి, బయటి ఊరి నుంచి వచ్చింది. మా ఇంటికి రెండుసార్లు వచ్చి అడిగింది. రెండోసారి ఒప్పుకున్నాను. దానికోసం ఏడడుగుల వెడల్పు బొమ్మ కొత్తగా వేశాను. అందులో దుకాణం మొత్తం ఉంటుంది, కుడి గోడ నుంచి ఎడమ గోడ దాకా. దాని ముందు నేల మీద నిజమైన పరుపు వేసి తెల్ల దుప్పటి పరిపించాను.

నాకు కావలసింది ఒక్కటే. ఆ దుకాణాన్ని కళ్ళతో చూసినవాళ్ళు ఆ బొమ్మను చూడాలి. చూసి, ఇది పెద్ద దుకాణమే అనాలి. అలా అనగలిగినవాళ్ళు బజారులో ఇంకా కొందరే ఉన్నారు, అందరూ ఎనభైకి అటూ ఇటూ. పన్నెండో ప్రదర్శనకు వాళ్ళు ఉండరు.

"మేడం, ఇన్విటేషన్ వాట్సాప్‌లో పెడదామా?" అని గ్యాలరీ ఆవిడ అడిగింది.

వద్దన్నాను. మందపాటి కాగితం మీద, బంగారు అంచుతో కార్డులు కొట్టించాను. బజారులోని అరవై దుకాణాలకు కవర్ల మీద పేర్లు నేనే రాసి కొరియర్‌లో పంపించాను. మా తాత ఇంటి నుంచి వెళ్ళినట్టే ఉండాలనుకున్నాను.

మొదటి రోజు సాయంత్రం నలభై కుర్చీలు వేశారు. హసన్‌పర్తి వైపు కాలేజీల విద్యార్థులు వచ్చారు. మా బడిలో నాతో పనిచేసిన టీచర్లు వచ్చారు. ఇద్దరు చిత్రకారులు వచ్చారు. బజారు నుంచి ఒక్కరూ రాలేదు. నేను తలుపు వైపు చూడలేదు. చూడకుండానే తెలుస్తుంది. గ్యాలరీ ఆవిడ పెద్ద బొమ్మ పక్కన ఎర్ర చుక్క అంటించి, బెంగళూరు వాళ్ళు ఫోన్‌లోనే ఖాయం చేసుకున్నారని నా చెవిలో చెప్పింది. నేను తలూపాను. ఆ సందట్లో ఎవరో గద్దె అంచున టీ కప్పు పెట్టారు, ఇంకెవరిదో కాలు తగిలింది. దుప్పటి మీద పెద్ద మరక పడింది.

మర్నాడు పదింటికి మళ్ళీ గ్యాలరీ తెరవాలి. అంత పొడుగు దుప్పటి ఇంట్లో ఉండదు. హైదరాబాదు నుంచి తెప్పించే వ్యవధి లేదు. అలా పొద్దున్నే, నలభై ఏళ్ళ తర్వాత, బజారులో బట్టల దుకాణం మెట్లెక్కాను. అదీ మా గుమాస్తా కొడుకు దుకాణం. ఆ వేళకు తెరిచి ఉన్నది అదొక్కటే. మా దుకాణం మూతపడ్డ తర్వాత గుమాస్తా ఒక చిన్న మడిగె పెట్టుకున్నాడని విన్నాను. ఆయన పోయి చాలా కాలమైంది. ఇప్పుడది మూడంతస్తులు, అద్దాల తలుపులు.

కొడుకు నన్ను చూసి కౌంటరు వెనక నుంచి లేచి వచ్చాడు. "అరే, అక్కా! రా, కూసో."

"తెల్ల పాప్లిన్ కావాలె. పన్నెండు మీటర్లు," అన్నాను. కూర్చోలేదు.

కౌంటరు పక్కన కుర్చీలో ఆయన తల్లి ఉంది. గుమాస్తా భార్య. చిన్నప్పుడు నేను చిన్నమ్మా అని పిలిచేదాన్ని.

"ఎవరురా గామె?"

"పెద్ద దుకాణమోల్ల బిడ్డె, అమ్మా."

"ఆగు, అద్దాలు పెట్టుకోనీ." అద్దాలు పెట్టుకుని నన్ను పైనుంచి కిందికి చూసింది. "అవు, గామెనే. నడుము గట్లనే ఉన్నది. గజంబద్ద మింగినట్టు నిలవడుతది, వాళ్ళ నాయిన లెక్క."

కొడుకు నవ్వు ఆపుకున్నాడు. నేను అడగకూడదనుకున్నది నోరు దాటింది. "కార్డు అందలేదా చిన్నమ్మా?"

"అందింది. మంచిగున్నది, బంగారు అంచు. కొరియరాయన తెచ్చి సంతకం పెట్టిచ్చుకొని పోయిండు."

"మరి రాలే."

"సంతకం పెట్టిచ్చుకున్నాయన పిలిస్తే వస్తరానే? నువ్వొచ్చినవా? బొట్టు పెట్టినవా?"

"అమ్మా, గిప్పుడు గవన్ని ఎవరు చేస్తాన్రు?" అన్నాడు కొడుకు. "అందరు ఫోన్లనే పిలుస్తాన్రు."

"నువ్వు ఊకో. రేపు నీ బిడ్డ పెండ్లికి ఫోన్ల పిలువు, ఎవలొస్తరో నేను గూడ చూస్త." మళ్ళీ నా వైపు తిరిగింది. "మీ నాయనమ్మ ఏ కార్యమైనా భరిణె పట్టుకొని గడప గడప తిరిగేది. గుమాస్తా ఇల్లని మా ఇల్లు ఇడిసిపెట్టలే. నువ్వు కార్డు పంపితే బజార్ల ఏమనుకున్నరో ఎరుకేనా? రమ్మని కాదు, చూపెట్టుకునేటందుకు పంపింది అనుకున్నరు. రాకున్నా దానికి ఫికర్ లేదు అనుకున్నరు."

పన్నెండు మీటర్లు కొలిచి, చింపి, మడిచి ఇచ్చారు. తీసుకుని బయటికి వచ్చాను. ఆటో ఎక్కాను. పరువు పోయినందుకు బజారు మా ముఖం చూడటం లేదని నలభై ఏళ్ళు నమ్మాను. నేనే వాళ్ళ ముఖం చూడటం లేదని వాళ్ళు నమ్మారు.

బొట్టు పెట్టి పిలవడమంటే ఏమిటో నాకు తెలియక కాదు. శుభకార్యం ఉంటే ఇంటి ఆడవాళ్ళు భరిణె తీసుకుని ప్రతి గడపా ఎక్కుతారు, ఆ ఇంటి ఆడవాళ్ళ నుదుట కుంకుమ పెట్టి, రావాలి అంటారు. అలా పిలిచాకే వస్తారు. నా బొమ్మల ప్రదర్శన కూడా కార్యమేనని నాకు ఎప్పుడూ తోచలేదు. తోచినా ఎక్కేదాన్ని కాదు. పిలువని గడప తొక్కవద్దన్నాడు నాన్న. పిలవడానికి గడప తొక్కవచ్చునో లేదో చెప్పలేదు. ఆ రోజంతా ఆ ఒక్క మాటనే అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను.

సాయంత్రం నాయనమ్మ భరిణె చేతిలోకి తీసుకున్నాను. ఇత్తడిది. అది నా దగ్గర బీరువాలో లేదు, రంగుల బల్ల మీద ఉంది. ఎన్నో ఏళ్ళుగా అందులో ఎర్ర రంగు పొడి పోసుకుంటున్నాను. చింతపండుతో తోమాను, వేడినీళ్ళతో కడిగాను. మూత అంచులో ఇరుక్కున్న ఎరుపు మాత్రం పోలేదు. అలాగే తుడిచి కొత్త కుంకుమ పోశాను.

మర్నాడు పొద్దున మళ్ళీ అదే దుకాణానికి వెళ్ళాను.

"చిన్నమ్మా, నేను పెట్టొచ్చునా? పెండ్లి కానిదాన్ని."

"ఎందుకు పెట్టొద్దు? ఈ బజారు ఆడబిడ్డవు నువ్వు. ఆడబిడ్డ పెట్టకపోతె ఎవరు పెడ్తరు?" అంది ఆమె. "పిలుపులకు నీ ఎంబడి నేను రానంటున్న అనుకోకు. మా ఆయన పోయినంక నేను భరిణె ముట్టలే. నా కోడలు వస్తది."

భరిణె మూత తీసి ఆమె వైపు వంగబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకొద్దు. కోడలికి పెట్టు. నన్ను నోటితోని పిలువు, చాలు."

కోడలికి బొట్టు పెట్టాను. తర్వాత ఆమె ఎదుట నిలబడి, "చిన్నమ్మా, నువ్వు రావాలె," అన్నాను. యాభై ఎనిమిదేళ్ళు వచ్చాయి నాకు. అప్పటిదాకా ఎవరినీ ఆ మాట అన్నట్టు గుర్తు లేదు.

మూడు రోజులు తిరిగాం. దుకాణాల వెనక ఇరుకు మెట్లు, మెట్ల పైన ఇళ్ళు. "ఏందమ్మా, తొవ్వ తప్పి వచ్చినవా?" అన్నారు ఒక ఇంట్లో. ఇంకో ఇంట్లో కోడళ్ళు నన్ను గుర్తుపట్టక, చీటీలు వేయించుకునే మనిషి అనుకుని, "మేము ఇంతకుముందే కట్టినం" అన్నారు. నాతో వచ్చిన కోడలు నవ్వాపుకోలేకపోయింది. పెద్దవాళ్ళున్న ఇళ్ళల్లో చాప వేసి కూర్చోబెట్టారు. వెళ్ళేటప్పుడు నాకు బొట్టు పెట్టి రైక గుడ్డ చేతిలో పెట్టారు. థాన్ల మధ్య పుట్టినదాన్ని, ఒక మీటరు గుడ్డను రెండు చేతులతో అందుకున్నాను. ఇంటికి వచ్చి చూస్తే పందొమ్మిది ఉన్నాయి. ఇప్పటికీ అలాగే మడతపెట్టి ఉంచాను.

చివరి రోజు ఆదివారం. పదకొండింటికి మొదటి ఆటో ఆగింది. తర్వాత ఇద్దరు, ముగ్గురు, ఒక కారు నిండా. పట్టుచీరలు, పూలు, మనవరాళ్ళ భుజాల మీద చేతులు. తలుపు దగ్గర చెప్పుల కుప్ప చూసి గ్యాలరీ ఆవిడ కంగారుపడింది. "మేడం, చెప్పులు విప్పనక్కర లేదని చెప్పండి."

"విప్పనీ," అన్నాను.

మరక పడిన మర్నాటి నుంచి ఆ గద్దె దగ్గర 'తాకరాదు' అనే పలక ఉంది. ఎనిమిది రోజులూ జనం దాని చుట్టూ దూరంగా నడిచారు. బజారు ముసలమ్మలు పలకను చూడనైనా లేదు. నేరుగా వచ్చి, కుచ్చెళ్ళు సర్దుకుని, గద్దె మీద కూర్చున్నారు. కూర్చుని, తలెత్తి బొమ్మను చూశారు.

"ఓ యమ్మ! పెద్ద దుకాణమే!" అంది ఒకామె. "నా పెండ్లి చీర గీడనే కొన్నరు. గీ అద్దంల చూసుకున్న."

నాకు కావలసిన మాట అదే. విన్నాను. గోడ పక్కన నిలబడే ఉన్నాను.

చిన్నమ్మ కోడలి చెయ్యి పట్టుకుని అందరికన్నా చివర వచ్చింది. బొమ్మల పక్కన ఉన్న ఎర్ర చుక్కలను ఒక్కొక్కటీ చూసింది. "గీ బొట్లేందే?"

"అమ్ముడుపోయినయని గుర్తు, చిన్నమ్మా."

"గిదేం రివాజు? బొట్టు పెడితే పిలిచినట్టు గని, అమ్మినట్టా?" అంది. గద్దె మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేను కూడా నవ్వాను.

తర్వాత ఆమె పెద్ద బొమ్మ ముందుకు వచ్చింది. చాలాసేపు చూసింది. తాత కూర్చునే చోటు చూసింది, అరలు చూసింది. అద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. బొమ్మలో ఎడమ గోడ మీద గడియారం ఉంది. ఆ గడియారం నేను పదిసార్లయినా వేసి ఉంటాను. పెండ్యులం మీద పడే వెలుగు గురించి ఢిల్లీలో ఒకాయన వ్యాసమే రాశాడు.

"గడియారం మంచిగేసినవు బిడ్డా," అంది. "దాని కింద మా ఆయన ఏడి?"

నేను గోడ వదిలి చిన్నమ్మ పక్కకు వచ్చాను.

"గడియారం కిందనే గదా కూసునేది. పొద్దుగాల తొమ్మిదిటికి వస్తే రాత్రి దాక ఆడనే. ముప్ఫై రెండేండ్లు." వేలు పెట్టి చూపించింది. ఆ చోట నేను దొంతరగా తెల్ల థాన్లు వేశాను. బాగా వచ్చాయి అవి. "గీడ బట్టలు పెట్టకపోయేది. మనిషి కూసునే జాగల బట్టలెట్ల పెడ్తరే?"

గొంతులో నిష్ఠూరం లేదు. నిజంగా వెతుకుతోంది. ఎక్కడో మరోచోట వేసి ఉంటానేమోనని పక్క బొమ్మల దగ్గరికి కూడా వెళ్ళి వచ్చింది.

"నీకు థాన్ల కాగితం చింపి, అంచులు సాపు చేసి ఇచ్చేది ఆయనే గదనే," అంది తిరిగి వచ్చి. "ఇంటికొచ్చి చెప్పేది. ఇయ్యాల పొల్ల గుర్రం బొమ్మ వేసిందని, ఏనుగు వేసిందని."

ఆయన మీద నాకు కోపం ఏనాడూ లేదు. ఉంటే బహుశా వేసేదాన్ని. ఆయన నాకు కనబడలేదు, అంతే. గడియారం కనబడింది, దాని కింద మనిషి కనబడలేదు. కాగితం చేతికి వచ్చేది, ఇచ్చిన చెయ్యి ఎవరిదో చూడలేదు. పది ప్రదర్శనలలో ఎవరూ ఆ తప్పు పట్టుకోలేదు. ఎలా పట్టుకుంటారు? వాళ్ళు ఆ దుకాణంలో కూర్చున్నవాళ్ళు కారు.

చిన్నమ్మ గద్దె ఎడమ కొసకు వెళ్ళి, కోడలి భుజం పట్టుకుని మెల్లగా కూర్చుంది. సరిగ్గా బొమ్మలోని గడియారం కింద. అక్కడే కూర్చుని టీ తాగింది, బిస్కట్ తింది, పక్కావిడతో మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడింది.

అందరూ వెళ్ళాక గ్యాలరీ ఆవిడను పిలిచి, ఆ పెద్ద బొమ్మ పక్కన చుక్క తీసేయమన్నాను.

"మేడం, బెంగళూరు వాళ్ళు ఖాయం చేసుకున్నారు కదా?"

"బొమ్మ పూర్తి కాలేదని చెప్పండి," అన్నాను. "పూర్తయ్యాక కూడా కావాలంటే అప్పుడు మాట్లాడుకోవచ్చు."

ఆవిడ నా ముఖంలోకి చూసి, గోరుతో చుక్కను గీకి తీసింది.

తర్వాతి వారం బొమ్మ ఇంటికి వచ్చింది. దాని ముందు రెండు రోజులు కూర్చున్నాను. తెల్ల థాన్ల మీద సుద్ద పూసి చెరిపేశాను. చోటు ఖాళీ అయింది, కానీ ఆయన ముఖం రాలేదు. ఎంత గుర్తుచేసుకున్నా ఒక చెయ్యి, చెవి వెనక పెన్సిలు, అంతకు మించి రాలేదు. మూడో రోజు కాగితాలు, పెన్సిలు సంచిలో వేసుకుని బజారుకు వెళ్ళాను. దుకాణం పక్కన మెట్లెక్కి వాళ్ళ ఇంటి గడప దగ్గర నిలబడ్డాను. చేతిలో భరిణె లేదు. ఎవరూ రమ్మనలేదు.

చిన్నమ్మ లోపలి గదిలో ఉల్లిపాయలు ఒలుస్తోంది. "ఏందే, ఎవరు పిలిచిన్రని వచ్చినవు?"

"ఎవరు పిలువలే, చిన్నమ్మా."

"మరి నిలవడ్డవెందుకు? లోపలికి రా."

వెళ్ళి ఎందుకొచ్చానో చెప్పాను. ఆయన ఎట్లా కూర్చునేవాడని అడిగాను. ఫోటో ఉందా అని కూడా అడిగాను.

"ఫోటో ఉన్నది గని, పెండ్లిల తీసింది. నిలవడి ఉంటడు, కోటు వేసుకొని. గది ఆయన లెక్క ఉండది," అంది. ఉల్లిపాయలు పక్కకు జరిపింది. కోడలు వద్దంటున్నా వినకుండా, గోడ పట్టుకుని నేల మీద కూర్చుంది. ఎడమ కాలు మడిచింది. కుడి మోకాలు పైకి ఎత్తి, దాని మీద చెయ్యి ఆనించింది. మెడ కొంచెం పక్కకు వంచింది.

"గిట్ల," అంది. "చూపెప్పుడు మీ తాత దిక్కు. ఆయన చెయ్యి లేస్తే థాను అందియ్యాలె గద."

నేను ఎదురుగా కుర్చీలో కూర్చుని పెన్సిలు ఆనించాను. కోణం కుదరలేదు. కుర్చీ దిగి నేల మీద కూర్చున్నాను. అప్పటికీ కుదరలేదు. ఆ వంగిన మెడ కిందినుంచి చూపు ఎటు పోతోందో కనబడాలంటే ఇంకా కిందికి రావాలి. చేతులు నేలకు ఆనించి, నడుము వంచి, చూశాను.

"కదలకు చిన్నమ్మా," అన్నాను.